ఉన్ని తీసిన మర్నాడు

పడమటి ఎడారిలోని మా జునిపర్ కౌంటీలో వాన కనిపిస్తుందే తప్ప నేల మీద పడదు. కొండల మీద మబ్బు కడుతుంది. దాని కింద నుంచి బూడిదరంగు తెరలు వేలాడతాయి. సగం దూరం దిగేసరికి ఆ తెరలు గాలిలోనే ఆవిరైపోతాయి. ఆవులు మూతులెత్తి వాసన చూసి, మళ్ళీ తలలు దించుకుంటాయి. అందుకే ఇక్కడ మబ్బు పట్టినా ఎవరూ ఆరేసిన బట్టలు తీయరు. పొద్దున తొట్టిలో నీళ్ళ మీద పేరుకున్న మంచు పెంకు పగలగొడతాం, మధ్యాహ్నానికి చొక్కా గుండీలు విప్పుకుంటాం, పొద్దు వాలితే కోటు వెతుక్కుంటాం. ఈ నేల మీద పుట్టినవాళ్ళకి ఇందులో వింత ఏమీ లేదు. నేను ఇక్కడే పుట్టాను. ఈ ఎడారి నన్ను ఇంకేమీ చెయ్యలేదనే అనుకునేదాన్ని.

మిరెన్ ఉర్రుటియా నాకు చిన్నప్పటి స్నేహితురాలు. ఒంటిగది బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. వాళ్ళు సముద్రం దాటి వచ్చిన బాస్క్ జాతివాళ్ళు, తాతల నాటి నుంచీ గొర్రెల మీదే బతుకు. నేను ఆవులున్న ఇంట్లో పుట్టి, ఆవులున్న ఇంటికే కోడలినయ్యాను. మా కౌంటీలో ఆవులవాళ్ళకీ గొర్రెలవాళ్ళకీ తాతల కాలంలో తుపాకులు పేలాయంటారు. మా కాలానికి వెటకారాలు మాత్రం మిగిలాయి.

ఎనభై నాలుగు మే నెలలో ఉర్రుటియాల ఇంట ఉన్ని తీశారు. మామూలుగా ఏప్రిల్లోనే అయిపోవాల్సిన పని. ఆ ఏడు ఉన్ని తీసేవాళ్ళ మేస్త్రీకి చెయ్యి విరిగింది. ప్రతి చోటా ఆలస్యమవుతూ వాళ్ళు మా వైపు తేలేసరికి గొర్రెల ఈతలు కూడా అయిపోయాయి. ప్రతి తల్లి వెనకా ఒకటో రెండో పిల్లలు తిరుగుతున్నాయి. అయినా ఎవరూ కంగారుపడలేదు. ఎండ మండిపోతోంది. ఆ ఉన్నితో వాటిని అలా ఉంచడమే పాపం అన్నట్టుంది.

ఉన్ని తీసే రోజుల్లో వంటకి సాయంగా నేను వెళ్తాను. చివరి రోజు మధ్యాహ్నం బయట చెట్ల కింద బల్లలు వేశాం. చిక్కుడుగింజల పులుసు, వెల్లుల్లి వేసి వండిన గొర్రెమాంసం, ఇనప గిన్నెలో కాల్చిన పెద్ద రొట్టె, ఎర్ర వైన్. ఎప్పుడో అరువు తీసుకున్న జాకీ తిరిగిచ్చే నెపంతో నా మొగుడు రాయిస్ సరిగ్గా భోజనం వేళకి దిగాడు.

"నీ గడప తొక్కితే వారం దాకా నా బూట్లు కంపు కొడతాయయ్యా బెర్నాట్," అన్నాడు కూర్చుంటూ.

బెర్నాట్ మిరెన్ భర్త. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. చొక్కా విప్పి భుజాన వేసుకుని ఉన్నాడు. "వచ్చేముందు వాటికి అత్తరు పూసుకొచ్చావా ఏంటి? ఆవు పేడే కదా!"

"పేడది పైపై కంపు. కడిగితే పోతుంది. గొర్రెది మనసులోకి దిగిపోతుంది."

"అయితే ఆ గిన్నె ఇటు తోసెయ్. అందులో ఉన్నది గొర్రే."

"కూరయ్యాక గొర్రెతో నాకేం గొడవ లేదు," అని రాయిస్ రెండోసారి వడ్డించుకున్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. వాళ్ళ కాపరి తెయోడోసియో అందరికంటే గట్టిగా నవ్వాడు. అతనిది పెరూ దేశం, కొండల మీద ఊరు. ఐదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. అతన్ని అందరం తెయో అంటాం.

కిటికీలో రేడియో మోగుతోంది. కొండల మీద అక్కడక్కడా జల్లులు పడే అవకాశం ఉందని చెప్పింది.

"ఈ ముక్క ఒకసారి చదివించి పెట్టుకున్నారు," అన్నాడు బెర్నాట్. "ఏడాది పొడుగునా అదే తిప్పి తిప్పి వేస్తారు."

సాయంత్రానికి పని ముగిసింది. ఉన్ని సంచులు మనిషికంటే ఎత్తుగా కొట్టంలో వరసగా నిలబడ్డాయి. బోసి ఒళ్ళతో, గులాబీరంగు చర్మాలతో తల్లిగొర్రెలు బయటికొస్తుంటే వాటి పిల్లలే వాటిని గుర్తుపట్టలేక అరుస్తూ తిరిగాయి. తెయో, అతని రెండు కుక్కలూ మందని వైట్‌రాక్ మెట్ట మీదికి తోలుకుపోయారు. ఆ మెట్ట వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉంటుంది. అక్కడ గడ్డి బాగుంటుంది. చెట్టూ చేమా ఉండవు. గాలికి అడ్డం పడేది ఏదన్నా ఉందంటే అది తెయో పడుకునే చక్రాల బండి ఒక్కటే.

మర్నాడు పొద్దున తొట్టిలో మంచు పెంకు కూడా కట్టలేదు. పదింటికే గేటు గొళ్ళెం చేతికి చురుక్కుమంది. ఎండిన సరస్సు మీద సుడిగాలులు తెల్లటి దుమ్ము లేపుకుంటూ ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నేను చలికాలపు దుప్పట్లన్నీ ఉతికి ఆరేశాను.

మూడు దాటాక గాలి పడిపోయింది. ఆరేసిన దుప్పట్లు కదలడం మానేశాయి. ఆ తరువాత గాలి ఉత్తరం నుంచి ఒక్కసారిగా కొట్టింది. దుప్పట్లు తీగ మీద నుంచి లేచి అటు తిరిగిపోయాయి. వైట్‌రాక్ మెట్ట అవతల ఆకాశం పలక రంగులోకి మారి, గోడ కట్టినట్టు నేల దాకా దిగి ఉంది. నేనది చూసి కూడా లోపలికెళ్ళి రొట్టెపిండి కలుపుకున్నాను. ఎలాగూ పడదు కదా.

పడింది.

"వెల్డా! వెల్డా, బయటికి రా! పడుతోందే! నేల మీద పడుతోంది!" రాయిస్ అరుపు.

పిండి చేతులతోనే పరుగెత్తాను. పెద్ద పెద్ద చినుకులు. ఒక్కో చినుకు దుమ్ములో గుంట చేస్తోంది. ఎడారిలో మొలిచే సేజ్ పొదల ఘాటు వాసన గుప్పుమంది. రాయిస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, మొహం పైకెత్తి, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. రెండేళ్ళుగా మా ఆవులకి మేత లేదు. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగాడు. పెళ్ళైన కొత్తలో కూడా అంత సరదాగా లాగిన గుర్తు లేదు నాకు. ఇద్దరం పిచ్చివాళ్ళలా తడిశాం.

నా మొహం మీద నవ్వు ఇంకా ఉండగానే చినుకు గుచ్చుకుంది. తరువాతది ఇంకా గట్టిగా గుచ్చుకుంది. చేతి మీద పడినదాన్ని చూస్తే నీళ్ళు కాదు, మంచు పలుకు. వంటింటి బయటి గోడకి తగిలించిన థర్మామీటరులో ఎర్రగీత పొద్దుట్నుంచీ పైన ఉంది. నేను చూస్తుండగానే అది దిగుతోంది. అంత వేగంగా దిగడం నా జన్మలో చూడలేదు. నీళ్ళు గడ్డకట్టే గుర్తు దగ్గరికి వచ్చి, దాన్నీ దాటింది. అప్పటికే పెరడంతా తెల్లగా, గాలి అడ్డంగా, ఒక్కో రేకు అరచేయంత తడి మంచుగా మారిపోయింది. మా గుర్రాలు గాలికి తోకలు తిప్పి నిలబడ్డాయి.

"మే నెలలో ఇదేం చోద్యమే," అన్నాడు రాయిస్. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "పోనీలే, మంచైనా నీళ్ళే కదా."

"మిరెన్ వాళ్ళ గొర్రెలు," అన్నాను.

"ఏం, వాటికేమైంది?"

"నిన్నే కదా ఉన్ని తీసింది."

తెలియని భాషలో ఏదో అన్నట్టు నా వంక చూశాడు. ఆ తరువాత అతని మొహంలో నవ్వు లేదు. తడిసిన టోపీ తలకి తగిలించుకుని ట్రక్కు వైపు పరుగెత్తాడు.

లోపల ఫోన్ మోగుతోంది. మిరెన్.

"మీ దగ్గర కూడా మంచేనా?" అంది. గొంతు మామూలుగా ఉంది. అలా ఉండటానికే నాకు భయం వేసింది.

"మంచే. బెర్నాట్ ఎక్కడ?"

"పొద్దున తెయోకి సామాను ఇవ్వడానికి మెట్ట మీదికెళ్ళాడు. రాలేదు. చొక్కా ఇక్కడ కుర్చీ మీదే ఉంది వెల్డా. కోటూ ఇక్కడే ఉంది."

"మేం ఇప్పుడే పోతున్నాం. నువ్వు అక్కడే ఉండు."

"ఉండను," అని పెట్టేసింది.

మా ఇంటి నుంచి మెట్టకి పోయే దారి బంకమట్టి. ఎండలో సిమెంటులా ఉండేది, తడిస్తే వెన్నలా జారుతుంది. చక్రాలకి గొలుసులు కట్టి, ఇంట్లో ఉన్న టార్పాలిన్లూ పాత కోట్లూ వెనక వేసుకుని, ఎదురుగాలిలోకి బయల్దేరాం. ముందు అద్దంలో తెలుపు తప్ప ఏమీ లేదు. రాయిస్ కిటికీలోంచి తల బయటికి పెట్టి నడిపాడు. అతని కనుబొమల మీద మంచు గడ్డకట్టింది. వంద అడుగుల ఎత్తు ఎక్కడానికి ఒక యుగం పట్టినట్టుంది.

మొదటి గొర్రె దారి మధ్యలోనే కనిపించింది. పొదకి ఆనుకుని నిలబడి ఉంది. కత్తెర నడిచిన చారలు వీపు మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ గులాబీ చర్మం మీద మంచు కరగడం లేదు. దాని పొట్ట కింద పిల్ల. రాయిస్ హారన్ కొట్టాడు. కదల్లేదు. దిగి వెళ్ళి మెడ మీద చెయ్యి వేసి పక్కకి తోశాడు. అది అలాగే, నిలబడ్డ భంగిమలోనే, పక్కకి ఒరిగి పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పిల్లకి ఏమీ కాలేదు. దాని ఉన్ని దానికుంది. అది రెండు అడుగులు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చి, పడిపోయిన తల్లి పొదుగు వెతికి నోట పెట్టుకుంది.

రాయిస్ని గట్టిగా పిలిచాను. పిల్లని ఎత్తి కోటులో దోపుకుని తెచ్చి నా ఒళ్ళో వేశాడు. దాని గుండె నా చేతి కింద గడగడా కొట్టుకుంటోంది.

ఆ తరువాత అవి ఎన్నో కనిపించాయి. పొదల మొదట్లో ముడుచుకున్నవి, ఒకదాని మీద ఒకటి తలలు వాల్చుకున్నవి. ప్రతి దాని పక్కనా ఉన్నితో తెల్లగా, బొద్దుగా, అరుస్తూ పిల్ల. నేనేం చూస్తున్నానో నా బుర్రకి ఎక్కలేదు. నిన్న ఈ పాటికి వాటికి ఉక్కపోస్తోందని జాలిపడ్డాం.

బెర్నాట్ వాగు గండి దగ్గర దొరికాడు. ఏడాదిలో పదకొండు నెలలు ఎండి ఉండే గండి అది. గాలి తరుముతుంటే మంద మొత్తం దాన్లోకి దిగిపోయింది. ముందువాటి మీద వెనకవి పడ్డాయి. బెర్నాట్ ఒంటి మీద ఒక గోనెసంచి కప్పుకుని, మోకాళ్ళ దాకా బురద మంచులో దిగి, పై గొర్రెని కాళ్ళు పట్టి లాగుతున్నాడు, పక్కన పడేస్తున్నాడు, మళ్ళీ ఇంకోదాన్ని లాగుతున్నాడు. తెయో అతని కిందుగా, ఇంకా లోతులో ఉన్నాడు. అతనికి కోటు లేదు. కోటూ, పరుపూ, దుప్పట్లూ అన్నీ తీసి బతికున్నవాటికి కప్పేశాడు. అతని చక్రాల బండి తలుపు తెరిస్తే లోపల పొయ్యి చుట్టూ, మంచం మీదా, మంచం కిందా గొర్రెలే. మనిషి నిలబడే చోటు లేదు.

"మధ్యాహ్నం చొక్కా లేకుండా తిరిగాను వెల్డా," అన్నాడు బెర్నాట్ నన్ను చూసి. పెదాలు నీలంగా ఉన్నాయి. "చొక్కా లేకుండా."

"సరేలే, ఈ కోటు వేసుకో."

"చెమట పట్టింది నాకు. చొక్కా లేదు ఒంటి మీద." మళ్ళీ అదే మాట. కోటు తొడుగుతుంటే చిన్నపిల్లాడిలా చేతులు చాపాడు. కళ్ళు మాత్రం గండి మీదే ఉన్నాయి.

రాయిస్ గండిలోకి దిగి తెయో పక్కన నిలబడి లాగడం మొదలుపెట్టాడు. కాసేపటికి పైకొచ్చి గాలి వైపు చూశాడు.

"బెర్నాట్, నడవగలిగినవాటిని మా కొట్టానికి తోలదాం. గాలి అటే పోతోంది. వెనక్కి మీ ఇంటికి ఒక్కటి కూడా నడవదు."

"మధ్యలో నీ కంచె ఉంది," అన్నాడు బెర్నాట్.

"ఉంది," అని రాయిస్ ట్రక్కులోంచి కటింగ్ ప్లేయర్ తీసుకుని ముందు నడిచాడు. ఆ కంచె అతను మొన్న శరదృతువులో కొత్తగా వేసింది. తీగలు తెగిన ప్రతిసారీ టంగుమని మోగి, మంచులోకి చుట్టుకుపోయాయి.

ఒక కుక్క మందతో వచ్చింది. ఇంకోటి తెయో దగ్గరే ఉండిపోయింది. తెయో రానన్నాడు.

"కింద ఇంకా కదుల్తున్నాయమ్మా," అన్నాడు నాతో. "నేను పోతే వీటినెవరు తీస్తారు? మీరు వెళ్ళండి. బండిలో పొయ్యి ఉందిగా, నాకేం?"

"ఆ బండిలో నీకు చోటేది తెయో?"

"ఒకటో రెండో జరుగుతాయిలెండి," అన్నాడు నవ్వి. పళ్ళు టకటకలాడుతున్నాయి.

గాలి వీపున తోస్తుంటే ఆ బోసి గొర్రెలు తూలుతూ, పడుతూ, లేస్తూ మా కొట్టం దాకా నడిచాయి. లేవలేనివాటిని ట్రక్కులో వేసుకున్నాం. దూడలు పుట్టే కొట్టం నిండింది. ట్రాక్టర్ షెడ్డు నిండింది. నా వరండా నిండింది. పొయ్యిలూ హీటర్లూ అన్నీ వెలిగించాం. అయినా లోపలికొచ్చాక కూడా అవి ఒణుకుతూ ఒణుకుతూ, ఒణుకు ఆగిన వెంటనే పోతున్నాయి. ఒణుకు ఆగడం మంచిదనుకుని నేను మొదటిదానికి సంతోషించాను.

అప్పుడు మిరెన్ వచ్చింది. గాలికి మంద మా వైపే వస్తుందని తెలిసి, చుట్టూ తిరిగి, పెద్దరోడ్డు మీదుగా, వాళ్ళ పాత ట్రక్కు వేసుకుని వచ్చింది. వెనక ఉన్ని సంచులు. దిగి మొదటి సంచిని కత్తితో నిలువునా చీరేసింది.

"మిరెన్, అది మీ ఏడాది పంట," అన్నాడు రాయిస్.

"వీటిదే. నిన్న వీటి ఒంటి మీదదే," అంది. "నిలబడి చూస్తావేం, పట్టుకో."

ఉన్ని చేతులతో తీసి గొర్రెలకి కప్పాం, కింద పరిచాం, పక్కల్లో దోపాం. అన్నీ చిరిగాక కొట్టం మొత్తం మోకాళ్ళ లోతు ఉన్నితో నిండిపోయింది. అందులోంచి గొర్రెల ముక్కులు మాత్రం కనిపిస్తున్నాయి. బెర్నాట్ ఒక మూల కూర్చుని, చేతిలో ఒక ఉన్ని గుత్తి పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. మిరెన్ అతని పక్కకెళ్ళి కప్పు పెదాలకి ఆనించి వేడి కాఫీ తాగించింది.

తెల్లవారి నేను తలుపు తీసేసరికి ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

అది నేను ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేను. అంత నీలం నేనెప్పుడూ చూడలేదు. కొండలు కడిగినట్టున్నాయి. పక్షులు కూస్తున్నాయి. ఎనిమిదింటికి చూరు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. పదింటికి పెరట్లో నేల కనిపించింది. పదకొండుకి కోటు విప్పేశాను. గాలి గోరువెచ్చగా, మెత్తగా ఉంది. నా దుప్పట్లు కంచెకి చుట్టుకుని, అప్పుడే ఆరిపోతున్నాయి. నిన్నటిది నిజంగా జరిగిందా అని ఒక్క నిమిషం అనిపించింది. వరండాలో చూస్తే జరిగింది.

మెట్ట మీద మంచు కరుగుతున్నకొద్దీ గొర్రెలు బయటపడ్డాయి. ఒక పొద దగ్గర ఒకటి, ఇంకో పొద దగ్గర మూడు, గండిలో లెక్క లేనన్ని. మందలో సగం పైనే పోయింది. గద్దలు అప్పటికే పైన తిరుగుతున్నాయి. వాగు గండిలో నీళ్ళు గలగలా పారుతున్నాయి. మా పిల్లలు చిన్నప్పుడు ఆ గండిలో నీళ్ళు చూడాలని ఏడ్చేవాళ్ళు.

తెయోని రాయిసే తీసుకొచ్చాడు. గండి అంచున కుక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడట. రాత్రంతా గొర్రెల్ని తీసి గట్టు మీద పడుకోబెడుతూనే ఉన్నాడు. వాటిలో చాలా వరకు బతికాయి. బూట్లు ఊడిరాలేదు. నా కుట్టుకత్తెరతో తోలు కోశాం. కుడికాలి వేళ్ళు తెల్లగా, మైనంతో చేసినట్టు ఉన్నాయి. నేను గట్టిగా పట్టుకున్నాను. అతనికి తెలియలేదు.

"ఏ కాలు పట్టుకున్నారమ్మా?" అని అడిగాడు.

లేచి బయటికొచ్చేశాను. రాయిస్ అతన్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు గంటల దారి.

కబురు ఎలా పాకిందో మరి. మధ్యాహ్నానికి మా దారిలో వరసగా పికప్‌లు. అందరూ ఆవులవాళ్ళే. గొర్రెలు కాళ్ళు పెట్టిన చోట గడ్డి మొలవదని జీవితాంతం తిట్టినవాళ్ళు. కౌంటీ రోడ్లవాళ్ళు మట్టి తవ్వే బండి పంపించారు. మగవాళ్ళు గొయ్యి తవ్వి పూడ్చారు. ఆడవాళ్ళు తల్లులు లేని గొర్రెపిల్లల్ని ఇంటికి నాలుగైదు చొప్పున తీసుకుపోయారు. పోస్టాఫీసు నడిపే లవెర్న్ తన టపా గదిలో ఆరింటిని కట్టేసుకుంది. ఆ వారం కౌంటీలో ఎవరికి ఉత్తరం వచ్చినా గొర్రె వాసనతోనే వచ్చింది. మా వంటింట్లో పదిహేను చేరాయి. తెల్లవారుజామున లేచి చూస్తే రాయిస్ పొయ్యి పక్కన నేల మీద కూర్చుని, బీరు సీసాకి రబ్బరు పీక తగిలించి ఒకదానికి పాలు పడుతున్నాడు.

"ఇది ఎక్కడైనా చెప్పావంటే ఊరుకోను," అన్నాడు నన్ను చూడకుండానే.

"ఎవరికి చెప్తాను? ఊరంతా ఇదే పనిలో ఉంది."

"తాగు, వెధవా, తాగు," అన్నాడు పిల్లతో. నేను దీపం తీసేసి వెనక్కి వెళ్ళిపోయాను.

బెర్నాట్ మాత్రం బాగుపడలేదు. పూడ్చిపెట్టిన రోజు ఎండ మళ్ళీ మండిపోతోంది. అతను పికప్‌లో కూర్చుని, అద్దాలు పైకెత్తుకుని, హీటరు వేసుకున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. మిరెన్ తలుపు తడితే దిగలేదు. ఇంటికెళ్ళాక కూడా కోటు విప్పలేదు. కోటుతోనే అన్నం తిన్నాడు, కోటుతోనే పడుకున్నాడు. మాట లేదు. డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు.

"నన్ను కూడా చూడట్లేదు వెల్డా," అంది మిరెన్ ఒక రోజు. గొర్రెపిల్లలకి పాలు కలుపుతూ చేతులాపింది. "ఆకాశం వైపు చూడడు, నా వైపు చూడడు. కోటు గుండీలు చూసుకుంటూ కూర్చుంటాడు. నా మీద కోపమా అంటే కాదని తల ఊపుతాడు. మరి ఎవరి మీద?"

"ఎవరి మీద కోప్పడతాం? ఎవరూ ఏమీ చెయ్యలేదుగా."

"అదే. ఎవరైనా చేసుంటే బాగుండేది," అంది.

జూన్ నడిమికి, తెయో వేళ్ళు తీసేశారని కబురొచ్చింది. కుడికాలివి రెండు. మిరెన్, నేనూ చూడటానికి బయల్దేరుతుంటే బెర్నాట్ కోటుతోనే వచ్చి బండిలో వెనక కూర్చున్నాడు. రమ్మని మేం అడగలేదు. దారంతా దుమ్ము. మెట్ట మీద గడ్డి అప్పుడే పసుపుపచ్చగా మాడిపోయింది.

తెయో కాలికి పెద్ద కట్టుతో మంచం మీద కూర్చుని, నర్సు తెచ్చిన జెల్లీని చెంచాతో కదిలిస్తూ అది వణకడం చూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. బెర్నాట్ వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఆ కోటేంటి బెర్నాట్ గారూ?" అన్నాడు తెయో. "బయట నిప్పులు కురుస్తుంటే!"

బెర్నాట్ కోటు వంక చూసుకున్నాడు.

"సరే, అది వదిలెయ్యండి. గొర్రెలెన్ని మిగిలాయి?"

మిరెన్ చెప్పబోయింది. బెర్నాట్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సగం," అన్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది. "సగం కూడా లేవు."

తెయో కట్టుకట్టిన కాలు కొంచెం పైకెత్తి చూపించాడు. "నాకు పదికి ఎనిమిది మిగిలాయి. మీకంటే నేనే నయం. ఈసారి మందని నాకప్పజెప్పి మీరు నా వెనక కాపరిగా రండి."

బెర్నాట్ గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. నవ్వేమో అనుకున్నాను. వంగి, ఆ కట్టుకట్టిన కాలి మీద రెండు చేతులూ పెట్టి, భుజాలు కుదిపేస్తూ ఏడ్చాడు. వేళ్ళు పోయాయని విన్నప్పుడు, గొర్రెల్ని గోతిలోకి తోసినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. తెయో అతని వీపు మీద చెయ్యి వేసి, గొర్రెల్ని బుజ్జగించే మాటలేవో తన భాషలో అంటూ నిమిరాడు. మిరెన్ కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడింది.

కాసేపయ్యాక బెర్నాట్ మొహం తుడుచుకున్నాడు. కోటు గుండీలు విప్పాడు. లోపల చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. కోటు తీసి మంచం కాళ్ళ దగ్గర పెట్టాడు.

"చల్లటి నీళ్ళేమైనా ఉన్నాయా?" అన్నాడు.

నేను గ్లాసు తెచ్చిచ్చాను. నిలబడే మొత్తం తాగేశాడు. ఇంకోటి అడిగాడు.

మరుసటి ఏడు నుంచి వాళ్ళు ఉన్ని మార్చిలోనే, నాలుగు గోడల కొట్టంలో తీయించి, మళ్ళీ కాస్త మొలిచేదాకా మందని లోపలే ఉంచారు. తెయో ఆ చలికాలం దాకా కర్ర పట్టుకుని నడిచి, తరువాత దాన్ని పారేశాడు. మంద చిన్నదైపోయింది, కానీ అమ్మేద్దామని బెర్నాట్ అనలేదు, మిరెన్ అననివ్వలేదు. రాయిస్ ఇప్పటికీ వాళ్ళింటికెళ్ళి బూట్లు కంపు కొడుతున్నాయంటాడు.

ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్న రోజు మెట్ట దగ్గర మబ్బు కట్టింది. దాని కింద బూడిదరంగు తెరలు వేలాడుతున్నాయి. మిరెన్ బండి ఆపేసింది. ముగ్గురం దిగి, పొదల మధ్య నిలబడి వాటినే చూశాం. సగం దూరం దిగి ఆవిరైపోయాయి. ఆ ఏడు మళ్ళీ అక్టోబరు దాకా చుక్క పడలేదు.